మహిళా దినోత్సవానికి మగవాళ్ల అనుమతి

మహిళా దినోత్సవం నాడు ఆడవాళ్లు ఏం మాట్లాడవచ్చో తేల్చడానికి మా తెలుగు సంఘం ఒక కమిటీ వేసింది. అందులో ఉన్నవాళ్లంతా మగవాళ్లే. వెటకారానికి చెప్పడం లేదు, నిజంగా అలాగే జరిగింది. ఆ కమిటీ ఫిబ్రవరిలో ఒక ఆదివారం మా ఇంటి హాల్లోనే కూర్చుని, నేను పెట్టిన టీ తాగి, నేను వేసిన పకోడీలు తిని, నేను నడపబోయే చర్చలో నేను అనకూడని మాటలేమిటో నాకు వివరించింది.

మేం జర్మనీలోని డ్రెస్డెన్ వచ్చి పన్నెండేళ్లు దాటింది. నేను చిప్పులు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇంజనీరుని. మా ఆయన ఇంట్లోనే కూర్చుని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి పనిచేస్తాడు. మేం వచ్చిన కొత్తలో ఇక్కడి తెలుగు కుటుంబాలన్నీ ఒక బస్సులో పట్టేవి. ఉగాదికి ఎవరో ఒకరి ఇంట్లో పచ్చడి కలిపి, నేల మీద కూర్చుని తిని, ఎవరి గిన్నెలు వాళ్లు కడుక్కుని వెళ్లిపోయేవాళ్లం. తర్వాత ఫ్యాక్టరీలు పెరిగాయి, బ్లూకార్డు వీసా మీద ఉద్యోగాలకు వచ్చేవాళ్లు పెరిగారు, యూనివర్సిటీ పిల్లలు పెరిగారు, సంఘం పుట్టింది. సంఘంతో పాటే దానికో కార్యదర్శి కూడా పుట్టాడు.

కార్యదర్శిది కరీంనగర్ వైపు. నాకంటే ఏడెనిమిదేళ్లు చిన్న. మా ఆయనను అన్నా అని, నన్ను వదినా అని పిలుస్తాడు. చురుకైనవాడు. ఎవరికి ఇల్లు దొరక్కపోయినా, ఎవరి ఆన్‌మెల్డుంగ్, అంటే అడ్రసు నమోదు, ఆగిపోయినా వెంటనే వచ్చి నిలబడేవాడు. ఆ మాట చెప్పకపోతే అన్యాయం. అయితే అతనితో పాటు ఒక జెండా కూడా వచ్చేది. మన దేశాన్ని ఏలుతున్న పార్టీ అంటే అతనికి ప్రాణం. ఆ పార్టీ సంగతి ఎత్తినప్పుడు అతని నోట ‘పార్టీ’ అన్న మాటే రాదు, ‘దేశం’ అనే వస్తుంది. దేశం ముందుకు పోతోంది, దేశం గెలిచింది, దేశం బుద్ధి చెప్పింది. అతని దేశంలో సగం జనం లేరు. ఓటు వేయనివాళ్లను అతను ముందే తీసేశాడు.

సంఘం వాట్సాప్ గ్రూపులో ‘రాజకీయాలు నిషేధం’ అని నియమం పెట్టిందీ అతనే. ఆ నియమం కిందే రోజూ పొద్దున్న నాయకుడి బొమ్మతో శుభోదయం పంపేదీ అతనే. ఇదేమిటని ఒకసారి అడిగితే, “అది రాజకీయం కాదు వదినా, దేశభక్తి” అన్నాడు. పొగిడితే దేశభక్తి, అడిగితే రాజకీయం. ఇంత చవకైన తెలివికి నూటయాభై కుటుంబాలు ఎలా తల ఊపాయో ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. వాళ్లలో సగం మంది చదువులో ర్యాంకులు తెచ్చుకున్నవాళ్లు.

ఆ ఆదివారం కమిటీలో కార్యదర్శితో పాటు సంఘం అధ్యక్షుడు కూడా ఉన్నారు. ఎప్పుడో డెబ్బైలలో పడమటి జర్మనీకి వచ్చి, రిటైరయ్యాక కూతురి దగ్గరుందామని ఈ ఊరికి మారిన డాక్టరు గారు. ఆయన అధ్యక్షత ఏమిటంటే మొదటి వరుసలో కూర్చోవడం. మిగిలిన ఇద్దరు ముగ్గురు కార్యదర్శి నవ్వితే నవ్వేవాళ్లు.

“టాపిక్ ఏం అనుకుంటున్నరు వదినా?” అని కార్యదర్శి మొదలుపెట్టాడు.

“చట్టంలో హక్కు, ఇంట్లో హక్కు. పెళ్లి, చదువు, ఉద్యోగం, పోలీసు ఫిర్యాదు... వీటి మీద ముగ్గురం మాట్లాడతామండి. తర్వాత ఎవరైనా లేచి ప్రశ్నలు అడగొచ్చు.”

“హక్కులు అంటే జర కొట్లాట లెక్క వినిపిస్తది. నారీ శక్తి అని పెడదాం. పాజిటివ్‌గ ఉంటది.”

“శక్తి ఉన్నవాళ్లకి హక్కులు అక్కర్లేదా?”

అందరూ నవ్వారు. నేను జోకు వేశాననుకున్నారు. ఆ తర్వాత అతను ముట్టుకోకూడని విషయాలు చెప్పుకుంటూ పోయాడు. వేరే మతం వాళ్లను చేసుకునే పెళ్లిళ్ల సంగతి వద్దు. ఎవరు ఏ బట్టలు కట్టుకుంటారన్నది వద్దు. కోర్టులో ఉన్న కేసులు వద్దు. నాయకుల పేర్లు అసలే వద్దు.

“మరి ఏం మాట్లాడమంటారు?”

“అయ్యో, బోలెడున్నయ్ వదినా. తల్లి త్యాగం ఉన్నది. ఇక్కడ పిల్లలకు మన కల్చర్ ఎట్ల నేర్పాలె, అదున్నది. వర్క్ లైఫ్ బ్యాలెన్స్ ఉన్నది.”

అప్పుడే మా అమ్మాయి జ్యూసు కోసం వంటింట్లోకి వెళ్తూ ఆగింది. పదిహేనేళ్లది. తెలుగులో అడిగితే జర్మన్‌లో జవాబిచ్చే రకం. “వారుమ్ ఎంట్‌షైడెన్ డీ దస్?” అంది. ఇది వీళ్లెందుకు తేలుస్తున్నారు అని. ఆ గదిలో అది బాగా అర్థమైంది డాక్టరు గారికే. నలభై ఏళ్లు ఈ భాషలో రోగులతో మాట్లాడిన మనిషి. ఆయన టీ కప్పులోకి చూస్తూ, “గొడవలేం లేకుండా చూసుకోండమ్మా” అన్నారు నాతో.

సభ ఒక పేట సామాజిక భవనంలో జరిగింది. గుమ్మం ముందు ముగ్గు, వేదిక మీద దీపం, వెనక గోడకు ‘నారీ శక్తి’ అని పెద్ద బ్యానర్. వోల్ఫ్స్‌బర్గ్ నుంచి ముఖ్య అతిథి వచ్చాడు. వృత్తికి ఇంజనీరు, ఆ పార్టీకి ఇక్కడున్న అభిమానుల బృందంలో పెద్ద తలకాయ. రాజకీయాలు నిషేధించిన సంఘం ఆయన భుజాల మీద శాలువా కప్పింది. ఆయన మాట్లాడటం మొదలుపెట్టి ఎంతకీ ఆపలేదు. స్త్రీని దేవతగా కొలిచే దేశం ప్రపంచంలో మనదొక్కటేనట. మన ఆడవాళ్లు హక్కులు అడిగేవాళ్లు కారట, ఇచ్చేవాళ్లట. ఆ వాక్యానికి అర్థమేమిటో ఆయనకు తెలియదు, విన్నవాళ్లకు తెలియదు, అయినా చప్పట్లు మోగాయి. ఆయన భార్య మొదటి వరుసలో ఆయన కోటు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆవిడకు ఒక్క మాటైనా మాట్లాడే అవకాశం ఎవరూ ఇవ్వలేదు. దేవతకు మాటలతో పనేముంది?

ఆయన దిగేసరికి వంటవాళ్లు పూరీలు వేయించడం మొదలుపెట్టేశారు. మా ముగ్గురికీ మిగిలిన కాస్త సమయంలో తలా నాలుగు ముక్కలు చెప్పాం. నేను ప్రశ్నలున్నాయా అని అడగ్గానే వెనక వరుసలోంచి ఒకమ్మాయి లేచింది. సన్నగా, పొడుగ్గా, జీన్సు మీద ఖద్దరు కుర్తా వేసుకుని ఉంది. మైకు ఆమె చేతికి వెళ్లింది.

“మేడం, నేను కాట్‌బస్‌ల మాస్టర్స్ చేస్తున్న. మాది నల్గొండ దగ్గర. నా ప్రశ్న ముఖ్య అతిథి సారుకు” అంది.  “మా డిగ్రీ కాలేజీల నా జూనియర్ ఒకామె ఉండె. సారుకు ఇష్టమైన పార్టీల మా ఊరి లీడర్ ఒకాయన మీద ఆమె కంప్లైంట్ ఇచ్చింది, చెయ్యి పట్టుకొని గుంజిండని. ఆయన బెయిల్ మీద బయటికొస్తే దండలేసి ఊరేగించిన్రు. ఆ ఊరేగింపు ఆమె ఇంటి ముందట్నుంచే పోయింది. ఇప్పుడు ఆమె ఊర్ల లేదు, చదువు గూడ ఆగిపోయింది. సార్, మీరు ఇందాక చెప్పిన దేవతలల్ల ఆమె ఉన్నదా, లేదా?”

 ముఖ్య అతిథి శాలువా సర్దుకున్నాడు. నేను ఆయన వైపు తిరిగి, “చెప్పండి” అన్నాను. నా మైకులోంచి శబ్దం రాలేదు. ఆ పిల్ల మైకు కూడా పోయింది. సౌండు పెట్టె దగ్గర కార్యదర్శి వంగి ఏదో చేస్తున్నాడు. మరుక్షణం స్పీకర్లలోంచి జాతీయ గీతం మొదలైంది.

అందరూ లేచి నిలబడ్డారు. లేవక ఏం చేస్తారు? పూరీల దగ్గరున్నవాళ్లు కూడా చేతిలో జల్లెడ గరిటెతో నిలబడ్డారు. ఒక ఆడపిల్ల ప్రశ్నకు జవాబు లేక, దేశం పాటను తెచ్చి ఆమె నోటికి అడ్డం పెట్టాడు ఆ మనిషి. దాన్ని మించిన అవమానం ఆ గీతానికి ఏ శత్రువూ చేసి ఉండడు. ఆ పిల్ల కూడా నిలబడే ఉంది, మూగబోయిన మైకు పట్టుకుని. ఆ హాల్లో అందరికంటే నిటారుగా నిలబడింది ఆమే. పాట అయిపోగానే కార్యదర్శి, అప్పటికి మైకు మళ్లీ పనిచేయడం మొదలైంది కాబట్టి, “భోజనాలకు దయచేయండి” అన్నాడు.

ఆడవాళ్ల బాత్రూంలో నన్ను చుట్టుముట్టారు. “భలే అడిగింది అక్కా ఆ పిల్ల” అని ఒకావిడ నా చెయ్యి పట్టుకుంది. ఇంకొకావిడ, “మా నోట్లో మాట అంది” అంది. ఇదే మాట బయట అనొచ్చు కదా అన్నాను. “అమ్మో, మా ఆయన ఊరుకోడు” అంది ఆవిడ, అద్దంలో బొట్టు దిద్దుకుంటూ. పెద్ద జీతాలు, పెద్ద చదువులు, రోడ్డు మీద తమ కారు తాము నడుపుకునే ఆడవాళ్లు. నిజం చెప్పుకోవడానికి వాళ్లకు దొరికిన చోటు బాత్రూం. వాళ్ల మీద జాలిపడదామని చూశాను గానీ నాకు చీదరే కలిగింది.

బయట వడ్డనలో కార్యదర్శి భార్య పులిహోర పెడుతోంది. ఆమెది నిజామాబాద్. ఇక్కడికొచ్చి మూడేళ్లయినా ఆమె గొంతు నేను సరిగ్గా విన్నది తక్కువ. కాట్‌బస్ అమ్మాయి పళ్లెం పట్టుకుని వస్తే వరుసలో ముందున్నవాళ్లు, వెనకున్నవాళ్లు కాస్త దూరం జరిగారు. కార్యదర్శి భార్య మాత్రం ఆ పళ్లెంలో ఇంకో గరిటె ఎక్కువ వేసి, “తిను బిడ్డా” అంది. అంతే. ఆ పూట ఆ పిల్లతో ఆ సంఘం మాట్లాడిన మాట అదొక్కటే.

మర్నాడు మా ఆయన ఫోను నాకు చూపించాడు. కార్యదర్శి రాశాడు: ‘అన్నా, వదినకు జర చెప్పుండ్రి. నిన్న జరిగింది మంచిగ లేదు. ఆమె ఆ పిల్లను ఆపి ఉండాలె. గ్రూపుల ఒక సారీ పెడితే అయిపోతది.’

“నాకెందుకు రాశాడు?” అన్నాడు మా ఆయన.

“నా మెడలో తాడు కట్టింది నువ్వు కదా. ఆ తాడు కొస నీ చేతిలో ఉందనుకుంటున్నాడు.”

మా ఆయన చాలాసేపు ఆలోచించాడు. గొడవలంటే గిట్టని మనిషి. చివరికి ‘ఆమె నంబరు మీ దగ్గరుంది కదా తమ్ముడూ’ అని రాసి పంపాడు. అది అతనికి పెద్ద సాహసమే. నేను మెచ్చుకోలేదు. అంత ఆలోచించాల్సిన విషయం అందులో ఏముందో నాకు అర్థం కాలేదు.

గ్రూపులో సారీకి బదులు నేనొక ప్రశ్న పెట్టాను. సభలో అడిగిన ప్రశ్నకు జవాబేమిటి అని. మధ్యాహ్నానికల్లా నన్ను గ్రూపులోంచి తీసేశారు. మా ఆయనను ఉంచారు. ఉగాది పచ్చడికి వేపపువ్వు ఎవరు తెస్తారో అతన్ని అడిగి తెలుసుకోవచ్చునన్నమాట.

అక్కడితో ఆగితే ఇది నవ్వుకునే కథ అయ్యేది. ఆ వారమే కాట్‌బస్ అమ్మాయి నాకు ఫోన్ చేసింది. మాట్లాడటం కంటే ఏడవడమే ఎక్కువ. వాళ్ల నాన్న ప్రభుత్వ బడిలో టీచరు. ఆయనకు ఎవరో ఫోన్ చేశారట. మీ అమ్మాయి జర్మనీలో దేశానికి వ్యతిరేకంగా మాట్లాడింది, వీడియో మా దగ్గరుంది అన్నారట. బెదిరింపేమీ లేదు, చాలా మర్యాదగా మాట్లాడారట. ‘సర్కారు కొలువు చేసుకుంటున్నరు గదా సార్, పిల్లను జర చూసుకోండ్రి’ అన్నారట.

“మా నాన్న ఏడ్చిండు మేడం. నేనెప్పుడు చూడలే ఆయన ఏడ్సుడు. అక్కడ నీకెందుకు బిడ్డా ఈ ముచ్చట్లు, చదువుకొమ్మని గదా పంపింది అన్నడు. నేను తప్పు చేసిన్నా మేడం?”

“లేదమ్మా. నువ్వు తప్పు చేసి ఉంటే వాళ్లు నీకే జవాబు చెప్పేవాళ్లు” అన్నాను.

వెంటనే కార్యదర్శికి ఫోన్ చేశాను.

“ఆ పిల్ల వాళ్ల నాన్నకి ఫోన్ చేసిందెవరు?”

“నాకెట్ల తెలుస్తది వదినా? ఊరోళ్లు ఎవరో వీడియో చూసిన్రేమో.”

“వీడియో ఇక్కడిది. ఊరివాళ్లకి పంపిందెవరు?”

 అతను గొంతు మెత్తగా చేసుకుని అన్నాడు. “మీరు దీన్ని పెద్దగ చేస్తున్నరు. ఎవ్వరు ఎవ్వర్ని ఏమనలే. ఒక పెద్దమనిషి ఇంకో పెద్దమనిషికి మంచిమాట చెప్పిండు, అంతే గదా.”

ఇరవై నాలుగేళ్ల పిల్లకు జవాబు చెప్పలేక, సముద్రాల అవతల ఉన్న ఆమె తండ్రిని భయపెట్టి, దానికి మంచిమాట అని పేరు పెట్టాడు. ఫోను పెట్టేశాక చేతులు కడుక్కోవాలనిపించింది. నిజంగానే వెళ్లి కడుక్కున్నాను.

వేసవి వచ్చేసరికి ఈ ఊళ్లో ఎన్నికల సందడి మొదలైంది. స్తంభం స్తంభానికీ పోస్టర్లు. ఇక్కడి జాతీయవాద పార్టీ పోస్టరులో బంగారు జుట్టు తల్లి, ఒళ్లో బిడ్డ, కింద ‘మన ఆడవాళ్లను కాపాడుకుందాం’ అని. ఎవరి నుంచి కాపాడాలంటే మా నుంచి. ఆ పోస్టరు కింద ట్రాము కోసం నిలబడి రోజూ చదువుకునేదాన్ని. ఆడవాళ్లను కాపాడతామంటూ బయల్దేరిన ఏ దేశపు మీసానికైనా ముందుగా కావలసింది ఆడవాళ్లు నోరు మూసుకోవడమే. ఈ పార్టీకి చట్టసభలో ఒక గుంపు ఆడవాళ్లు కూడా ఉన్నారు. మా వోల్ఫ్స్‌బర్గ్ అతిథికి వాళ్లతో బాగా కుదిరేది. భాష ఒక్కటే అడ్డం.

జూన్‌లో ఒక మధ్యాహ్నం కార్యదర్శి నుంచి ఫోన్ వచ్చింది. మార్చి తర్వాత అదే మొదటిసారి. గొంతు గుర్తుపట్టలేనట్టుంది.

“వదినా, మీ జర్మన్ మంచిగుంటది. పోలీస్ స్టేషన్ కాడికి జర రావాలె. మా ఆమెను ఒకడు... ట్రామ్ స్టాప్ల...” అని ఆగిపోయాడు.

నేను ఆఫీసులో చెప్పి బయల్దేరాను. దారిలో నాకు సంతోషం కలిగిందంటే నమ్మండి. వీడికిప్పుడు తెలిసొచ్చింది అన్న సంతోషం. స్టేషన్ బయట బెంచీ మీద ఆమెను, పక్కన తోపుడు బండిలో నిద్రపోతున్న రెండేళ్ల బిడ్డను చూశాక ఆ సంతోషం పోయింది. ఆమె కుచ్చిళ్ల అంచు నుంచి మోకాలి దాకా మట్టి. ఎవరి పెళ్లిరోజుకో వెళ్తూ చీర కట్టుకుందట.

లోపల ఒక నడివయసు పోలీసావిడ కూర్చోబెట్టి, ఏం జరిగిందని అడిగింది. కార్యదర్శి ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. మై వైఫ్ వాజ్ స్టాండింగ్... నాలుగు వాక్యాలయ్యాయో లేదో ఆమె అతని మోచేతి మీద చెయ్యి వేసింది.

“మీరు జర ఆగుండ్రి. అక్కడ ఉన్నది నేను. నేను చెప్త.”

“నీకు జర్మన్ రాదు గదనే.”

“వచ్చినకాడికే చెప్త. రానికాడ వదిన ఉన్నది.”

బిడ్డను కీటాలో, అంటే పసిపిల్లల బడిలో, వదిలి రోజూ భాష క్లాసుకు వెళ్తోందని నాకు తెలుసు. అయినా అంత వస్తుందనుకోలేదు. విరిగిన వాక్యాలే, అయినా ఒక్కటీ వదిలిపెట్టకుండా చెప్పింది. ట్రాము కోసం నిలబడి ఉంటే ఒకడు దగ్గరికొచ్చి మీ దేశానికి పో అన్నాడు. ఆమె జరిగింది. వాడూ జరిగాడు. చీర కొంగు పట్టుకుని లాగాడు. బండిని కాలితో తన్నాడు. బండిని ఆపబోయి ఆమె మోకాళ్ల మీద పడింది. రెండు మూడు మాటలు దొరకనప్పుడు నా వైపు చూసింది, నేను అందించాను. పోలీసావిడ రాసుకుంటూ, అక్కడ ఇంకెవరైనా ఉన్నారా అని అడిగింది.

“చాలామంది” అంది. తర్వాత తెలుగులో నాకు చెప్పింది. “మనోళ్లు ఇద్దరు గూడ ఉన్నరు వదినా. సంఘం వాళ్లే. ఫోన్లల్లకు చూసుకుంట నిల్చున్నరు. ఎవ్వరు నోరు తెర్వలే.”

నేను దాన్ని జర్మన్‌లో చెప్పాను. కార్యదర్శి తల దించుకున్నాడు.

బయటికొచ్చి పక్కనే ఉన్న బేకరీ ముందు నిలబడ్డాం. ఆమె బిడ్డకు నీళ్లు పడుతోంది. భయం తగ్గిన కొద్దీ కార్యదర్శికి మాటలు తిరిగొచ్చాయి.

“ఈ పోస్టర్ల పార్టీ చాన డేంజర్ వదినా” అన్నాడు. “మీకు తెల్వంది కాదు. మైనారిటీలను చూపెట్టి జనాలను భయపెడ్తరు, ఓట్లు గుంజుతరు. ఎవడన్న ప్రశ్న అడిగితే వాడు దేశద్రోహి. వీళ్లొస్తే ఆడోళ్లు బయట తిరగలేరు. మనం అందరం కలిసి మాట్లాడాలె. మీరు జర్మన్‌ల ఏమన్న రాయాలె.”

నేను అతని మొహంలోకి చూశాను. వెతికాను కూడా. తను ఏమంటున్నాడో తనకు వినిపిస్తోందేమోనని. ఏమీ లేదు. శుభ్రంగా, నిజాయితీగా, గుండె మండి మాట్లాడుతున్నాడు. అబద్ధాలాడే మనిషినైతే అసహ్యించుకుని ఊరుకోవచ్చు. ఈ మనిషి రెండు కళ్లలో ఒకదాన్ని మూసుకుని, రెండోదాంతో ఇంత చక్కగా చూస్తున్నాడు.

నేను నోరు తెరిచేలోపు అతని భార్యే అంది, బిడ్డ మూతి తుడుస్తూ. “గీ మాటలే గదా ఆ కాట్‌బస్ పిల్ల అన్నది?”

“అది వేరే. ఇది వేరే.”

“ఏం వేరే?”

“నీకు తెల్వదు. ఇంటికాడ మాట్లాడుకుందాం.”

“ఇంటికాడ మీరు మాట్లాడ్తరు, నేను వింట. గిక్కడ చెప్పుండ్రి. ఏం వేరే?”

అతను రోడ్డు వైపు చూశాడు. ట్రాము వస్తోంది అన్నాడు. అది మా ట్రాము కాదు.

తర్వాత జరిగినవి చెప్పాలి. ఆ దుర్మార్గుడు దొరకలేదు. కేసు మూసేశామని వాళ్లకు ఉత్తరం వచ్చింది. కార్యదర్శి గ్రూపులో అందరూ జాగ్రత్తగా ఉండాలని ఒక సందేశం పెట్టాడట, మా ఆయన చూపించాడు. ఆడవాళ్లు చీరల్లో ఒంటరిగా బయటికి వెళ్లవద్దన్న సలహా అందులో ఉంది. తన్నినవాడికి గానీ, ఫోన్లలోకి చూసుకున్న మనవాళ్లిద్దరికీ గానీ ఏ సలహా లేదు. ఆ ఏడాది చివర సంఘం ఎన్నికల్లో అతను పోటీ లేకుండా మళ్లీ గెలిచాడు. తర్వాతి మహిళా దినోత్సవానికి చర్చలు తీసేసి చీరకట్టు పోటీ పెట్టారు. న్యాయనిర్ణేత డాక్టరు గారు.

కాట్‌బస్ అమ్మాయి చదువు ముగించి డ్రెస్డెన్‌లోనే ఒక పరిశోధన సంస్థలో చేరింది. వాళ్ల నాన్నను ఎవరూ ఏమీ చేయలేదు. చేయాల్సిన పని కూడా లేదు, ఆ ఒక్క ఫోనే సరిపోయింది. ఆయన ఇప్పటికీ ఆమెతో మాట్లాడినప్పుడల్లా చివర్లో గొంతు తగ్గించి, ‘ఏం రాస్తలేవు గదా బిడ్డా’ అని అడుగుతాడట.

మేం కొందరం నెలకొక శనివారం మధ్యాహ్నం పేట లైబ్రరీలో ఒక చిన్న గది తీసుకుని కలుస్తున్నాం. మొదట ఆ అమ్మాయి, నేనే. తర్వాత బాత్రూంలో నా చెయ్యి పట్టుకున్నావిడ వచ్చింది, భర్తకు యోగా క్లాసని చెప్పి. శరదృతువులో ఒకరోజు తలుపు తీసుకుని కార్యదర్శి భార్య వచ్చింది, బిడ్డను ఎత్తుకుని. భర్తకు చెప్పే వచ్చిందట. ఏమన్నాడని అడిగితే, “ఏమంటడు, మొఖం మాడ్చిండు” అంది.

ఆమె వచ్చిన రెండోసారో మూడోసారో నేను ఆ పార్టీని, దాని అభిమానులను నాకున్న మాటలన్నీ వాడి తిడుతున్నాను. గొర్రెలన్నాను, గుడ్డివాళ్లన్నాను. మిగతావాళ్లు నవ్వుతున్నారు. ఆమె నవ్వలేదు.

“వదినా, ఒకటంట, ఏమనుకోకుండ్రి” అంది. “మా అమ్మ గూడ ఆ పార్టీకే ఓటేసింది. ఇంటికి గ్యాస్ వచ్చింది, కండ్లల్ల పొగ పోయింది, అందుకేసింది. ఆమె గొర్రెనా?”

“మీ అమ్మగారి సంగతి కాదు నేను చెప్పేది.”

“ఆమె సంగతే. మీరు గూడ మాసొంటోళ్లను మాట్లాడనియ్యరు. మా ఆయన మైకు బంద్ చేస్తడు. మీరు గిట్ల నవ్వుతరు.”

నాకు చుర్రున కోపం వచ్చింది. నవ్వడం, నోరు నొక్కడం ఒకటేనా అన్నాను. మీ ఆయన ఒక ఆడపిల్ల తండ్రిని ఏడిపించాడు, నేనెవరిని ఏడిపించాను అన్నాను. గ్యాస్ పొయ్యి ఇస్తే ఆ లీడరు మెడలో దండలు వేయొచ్చా అన్నాను. ఆమె వెనక్కి తగ్గలేదు. దండలేసినోళ్లు వేరే, ఓటేసినోళ్లు వేరే, రెండు కలిపి తిడితే దండలేసినోళ్లకే లాభం అంది. కాట్‌బస్ అమ్మాయి మధ్యలో దూరి నన్ను సమర్థించి, మరు నిమిషం ఆమెను సమర్థించింది. యోగా క్లాసావిడ కూడా గొంతు పెంచింది. బిడ్డ బల్ల కింద దూరి పుస్తకాల అర మీంచి ఏదో లాగుతున్నా ఎవరూ పట్టించుకోలేదు.

ఆమె చెప్పినదాంట్లో సగం ఇప్పటికీ నేను ఒప్పుకోను. ఆ మనుషులంటే నాకున్న ఏవగింపు ఇసుమంత కూడా తగ్గలేదు. ఆ రోజు లైబ్రేరియన్ వచ్చి గది మూయాలంటే లేచాం. మెట్లు దిగుతూ ఆమె చంకలో బిడ్డతో ఆగి, “ఇంకొకటి చెప్త ఆగుండ్రి వదినా” అంది. చలిలో వీధి మీద నిలబడి ఆమె చెబుతుంటే, నేను మధ్యలో అడ్డు తగులుతుంటే, మా ట్రాములు వచ్చి వెళ్లిపోయాయి.